ఏడేళ్ల వాళ్ల పేజీ

పిల్లలకు తెలివితేటల పరీక్షలు పెట్టేది మా అక్క. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సిటీలో ఒక ఆస్పత్రి పిల్లల విభాగంలో ఆ పనే చేసింది. రిటైరయ్యాక తూంకుంటలో మా ఇంటి ముందుగదిలో, ఆదివారాలు మాత్రం, రోజుకు ఒక్కరికే పెట్టేది. నేను మేడ్చల్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లైబ్రేరియన్‌ని. తను పెళ్లి చేసుకోలేదు. నా భర్త పోయాక నేను తన దగ్గరికి వచ్చేశాను. అలా ఇద్దరం ఒకే ఇంట్లో పదహారేళ్లు ఉన్నాం. అక్క పోయి ఇప్పటికి ఏడు నెలలు.

ఆ ఆదివారాల గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ముఖ్యంగా ఒక పిల్ల గురించి, ఆ పిల్ల విషయంలో నేను చేసిన తప్పు గురించి.

పరీక్షకు రెండున్నర గంటలు పట్టేది. మొదటి సగం తెలివికి: ఎరుపు తెలుపు ఘనాలతో బొమ్మలో ఉన్నట్టే పేర్చడం, చెప్పిన అంకెలను అదే వరసలో చెప్పడం, తర్వాత వెనక నుంచి చెప్పడం, బొమ్మలో ఏం లేదో చూపించడం. రెండో సగం చదువుకు: చదవడం, రాయడం, లెక్కలు. మధ్యలో పావుగంట విరామం. అప్పుడు నేను పిల్లకు మరమరాలో పల్లీ చిక్కీనో పెట్టేదాన్ని.

ఆ గదిలో అక్కకు కొన్ని నియమాలు ఉండేవి. పుస్తకంలో ఏ మాటలు ఉంటే ఆ మాటలే అడగాలి. తప్పు అనకూడదు, ఒప్పు అనకూడదు. వరసగా కొన్ని తప్పితే ఆ భాగం ఆపేయాలి, కానీ తప్పినందుకు ఆపామని పిల్లకు తెలియకూడదు. "ఇప్పుడు ఇంకో ఆట చూద్దామా?" అని అదే గొంతుతో అనాలి. ఇంట్లో నా చారులో ఉప్పు ఎక్కువైతే మొదటి ముద్దకే అక్క కనుబొమలు లేచేవి. ఆ గదిలో మాత్రం ఏడు ఎనిమిదులు నలభై అన్నా, యాభై ఆరు అన్నా అదే ముఖం. "అలా ఎలా ఉండగలవే?" అని ఒకసారి అడిగాను. "నీతో ఉండటానికి అలవాటు కాలేదు గానీ, పిల్లలతో సులువే" అంది.

ఎక్కువగా కొంపల్లి, పేట్ బషీరాబాద్ వైపు కొత్త కాలనీల వాళ్లు వచ్చేవారు. వాళ్లలో మా కోస్తా జిల్లాల వాళ్లే ఎక్కువ. పరీక్ష ఉందని ఒకావిడ పొద్దున్నే పిల్లాడికి నానబెట్టిన బాదం పప్పులు పదహారు తినిపించి తెచ్చింది. వాడు అంకెలు వెనక నుంచి చెబుతూ మధ్యలో బాత్రూం ఎక్కడా అని అడిగాడు. ఒక తండ్రి ఫలితం విని, "ఐక్యూ నూట ముప్పై వస్తుందనుకున్నామండీ. వచ్చే ఆదివారం మళ్లీ పెట్టి చూడొచ్చా?" అన్నాడు. అక్క, "ఇది జ్వరం చూడటం కాదండీ, గంట గంటకీ చూసుకోడానికి" అంది. అతను నవ్వలేదు. భార్య నవ్వింది.

ఈ పనిలో నాకూ కొంత భాగం ఉండేది. ఫోన్లు నేను తీసేదాన్ని. పరీక్ష కాగితం మొదటి పేజీ నేను నింపేదాన్ని: తరగతి, ఇంట్లో మాట్లాడే భాష, పుట్టిన తేదీ. తర్వాత వయసు లెక్క కట్టేదాన్ని. ఇవాళ్టి తేదీ పైన, పుట్టిన తేదీ కింద. రోజుల్లోంచి రోజులు, నెలల్లోంచి నెలలు తీసేయాలి. రోజులు చాలకపోతే నెల అప్పు తెచ్చుకోవాలి, ప్రతి నెలకూ ముప్పై రోజులే. తేలికైన లెక్క. కానీ అక్క దాన్ని రెండుసార్లు సరిచూసేది. ఎందుకంటే ఒక పిల్ల ఇరవై ఆరు ప్రశ్నలకు సరైన జవాబు చెప్పిందంటే ఆ ఇరవై ఆరుకు దానంతట అదిగా అర్థం లేదు. ఆరేళ్ల పిల్ల చెబితే ఒకటి, పదేళ్ల పిల్ల చెబితే ఇంకొకటి. పుస్తకం వెనక ప్రతి వయసుకూ ఒక పేజీ ఉంటుంది. ఆ వయసు పిల్లలు మామూలుగా ఎంత చేస్తారో అందులో ఉంటుంది. మన పిల్లను ఆ పేజీలో పెట్టి చూడాలి. పేజీ తప్పితే అంతా తప్పుతుంది.

అందుకే అక్క నాకు నేర్పిన ప్రశ్న ఒకటి ఉంది: "రికార్డులో తేదీ సరే, అసలు తేదీ ఎప్పుడు?" మనవాళ్లకు ఈ రెండూ వేరువేరని అక్కకు తెలుసు, నాకూ తెలుసు. బడి రికార్డు ప్రకారం నేను జూన్ నెలలో పుట్టాను. నిజానికి మార్గశిరంలో పుట్టాను. బళ్లో చేర్చేరోజు మాస్టారు వేళ్లు మడిచి లెక్కపెట్టి, వయసు చాలదని పుట్టిన తేదీని ఆరు నెలలు వెనక్కి జరిపారు. ఆ జూన్ తేదీతోనే చదివాను, ఉద్యోగం చేశాను, ఆ తేదీతోనే రిటైరవుతాను.

అంత తెలిసినదాన్ని, ఆ ప్రశ్న అడగడం మానేశాను. పేట్ బషీరాబాద్ నుంచి వచ్చిన ఒకాయన దానికి నొచ్చుకున్నాడు. "మేం దొంగ సర్టిఫికెట్లు పుట్టించేవాళ్లలా కనిపిస్తున్నామా మేడమ్?" అన్నాడు. ఇప్పటి పిల్లలందరూ ఆస్పత్రుల్లోనే పుడుతున్నారు, ఇంకా ఈ ప్రశ్న ఎందుకనుకున్నాను. ఆ తర్వాత నుంచి ఆధార్ కార్డు జిరాక్స్ చూసి తేదీ ఎక్కించేదాన్ని. మానేసినట్టు అక్కకు చెప్పలేదు.

అలాంటప్పుడే అత్వెల్లి నుంచి ఫోన్ వచ్చింది. మూడో తరగతి పిల్ల. వెనక పడిపోయిందని, క్లాసులో ఏమీ అందుకోవడం లేదని స్కూలు వాళ్లు పిలిచి చెప్పారట. పరీక్ష చేయించి రిపోర్టు తెమ్మన్నారు. తెలివి తక్కువని రిపోర్టులో వస్తే తమ దగ్గర ఉంచుకోలేమని, ప్రత్యేక పిల్లల బడికి పంపుకోవాలని అన్నారు. "మా ఇంట్ల గిట్ల ఎవ్వరికి లేదు మేడం" అన్నాడు తండ్రి ఫోన్‌లో. ఆ మాట మూడుసార్లు అన్నాడు.

డిసెంబరులో ఒక ఆదివారం వచ్చారు. తండ్రి తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. ద్రాక్ష తోటలు తీసేసి ప్లాట్లు చేసిన కుటుంబం. ఊళ్లో పదవి కూడా ఉన్నట్టుంది, కూర్చున్న పది నిమిషాల్లో నాలుగు ఫోన్లు వచ్చాయి. తల్లి తలుపు పక్క కుర్చీలో చివరన కూర్చుంది. పిల్ల మాత్రం ఆదివారం రోజున స్కూలు యూనిఫాం వేసుకొచ్చింది, బెల్టుతో సహా. చంకలో క్లిప్పు ఉన్న పరీక్ష అట్ట, చేతిలో రెండు చెక్కిన పెన్సిళ్లు. పరీక్ష అన్నారని అలా తయారు చేశారు. అక్క ఆ అట్టను చూసి, "ఓహో, అన్నీ తెచ్చుకున్నావే. ఇక్కడ పెట్టుకో, పనికొస్తుంది" అంది. పనికిరాదు. అయినా బల్ల మీద చోటు చేసింది.

వంటింట్లో ఉంటే నాకు ముందుగది వినిపిస్తుంది. ఘనాలు పేర్చడం పిల్లకు బాగా నచ్చింది. "గిది అయిపాయె మేడం, ఇంకోటియ్యి" అంటోంది. అంకెలు వెనక నుంచి చెప్పమన్నప్పుడు కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, "మా అక్కుంటే చెప్తుండె" అంది. అక్క అంటే పెదనాన్న కూతురు. ఇద్దరూ ఒకే క్లాసు, ఒకే బెంచీ. విరామంలో చిక్కీ ఇస్తే, సగం కొరికి సగం జేబులో పెట్టుకుంది. "అక్కకు" అంది.

వాళ్లు వెళ్లాక భోజనం దగ్గర అక్క అంది: "దాని పళ్లు చూశావా?"

"ఏం, పుచ్చిపోయాయా?"

"కాదే. కింద ముందు పళ్లు రెండూ ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. పైవి ఇంకా పాల పళ్లే. ఒకటి కదులుతోంటే పరీక్షంతా నాలుకతో తోస్తూనే ఉంది. ఎనిమిదేళ్లు దాటిన పిల్లకి పైవి ఈపాటికి ఊడి రావాలి."

"అందరికీ ఒకేలా ఊడతాయా ఏంటి?"

"ఊడవులే" అంది. పెరుగు కలుపుకుంది.

ఆ వారంలో లెక్క తేలింది. ఎనిమిదేళ్ల నాలుగు నెలలని నేను కట్టిన వయసుకు పుస్తకంలో ఆ పేజీ తీసి చూస్తే, పిల్ల అడుగున ఉంది. మరీ అడుగున కాదు గానీ, స్కూలు వాళ్లు ఎదురుచూస్తున్న చోటుకు దగ్గరగా. అక్క మళ్లీ కూడింది. మళ్లీ అదే వచ్చింది. "ఏదో సరిపోవట్లేదు" అంది. కానీ కాగితం మీద తేదీ ఉంది, మార్కులు ఉన్నాయి. రిపోర్టు టైపు చేసింది. అంత నెమ్మదిగా టైపు చేయడం నేనెప్పుడూ చూడలేదు. మధ్యలో లేచి మొక్కలకు నీళ్లు పోసొచ్చింది, పొద్దున ఒకసారి పోసినవాటికే.

తర్వాతి ఆదివారం రిపోర్టు కోసం నలుగురు వచ్చారు. తల్లి, తండ్రి, పిల్ల, పిల్ల నాయనమ్మ. తల్లిదండ్రులు ముందుగదిలో కూర్చున్నారు. పిల్ల పెరట్లోకి పోయింది. నాయనమ్మ లోపల చలిగా ఉందంటూ వరండాలో ఎండకు కూర్చుంటే, నేను టీ తీసుకెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.

"గామె మీ అక్కనా?" అని అడిగింది.

"అవునమ్మా."

"మొగం చూస్తేనే తెలుస్తది. నీకంటే మంచిగున్నది." నవ్వింది. "మా పోరి ఇంట్ల మస్తు హుషారు. బర్రె ఎప్పుడు ఈనుతదో గుడ ముందే చెప్తది. గీ బడోళ్లకేం తెల్సు?"

"పెద్ద మనవరాలు బాగా చదువుతుందట కదా?"

"అది చదువుతది. గిది దాని ఎంటనే. ఒక్క తాన్నే తింటరు, ఒక్క తాన్నే పంటరు. అది బడికి పోతే గిది ఒకటే ఏడుపు. ఇగ ఇద్దర్ని ఒక్కసారే తోలినం. తోడుంటదని."

"ఇద్దరికీ రెండు నెలలే కదా తేడా" అన్నాను. మొదటి పేజీ నింపేటప్పుడు తండ్రే చెప్పాడు, పెద్దదానికంటే రెండు నెలలు చిన్నదని.

ఆమె టీ కప్పు కింద పెట్టింది. "రెండు నెలలేంది! పెద్దదానికి ఏడాది నిండినంక పుట్టెంటికలు తీసినం. గప్పుడు దీని తల్లికి ఆరో నెల. నేనే గాజులు తొడిగిస్తి."

లెక్క దానంతట అదే అయిపోయింది. పన్నెండు పదమూడు నెలలు, ఆ మీద మూడు. ఇంచుమించు పదహారు నెలల తేడా. కాగితంలో రెండు. మూడేళ్లు కూడా నిండని పిల్లను నాలుగేళ్ల పిల్లతో కలిపి బళ్లో వేసి, వయసు చాలాలని పెద్దదాని పక్కకు తేదీని జరిపారు. నా జూన్ తేదీ లాగే.

లోపలికి వెళ్లాను. అక్క రిపోర్టు ఉన్న కవరు చేతిలోకి తీసుకుంది. ఇక మొదలుపెట్టబోతోంది.

"అక్కా, ఒక్క నిమిషం."

వంటింట్లో చెప్పాను. నా మాట పూర్తవకముందే తనకు అర్థమైంది.

"నువ్వు అడగలేదా?" అంది.

"లేదు. చాన్నాళ్లుగా అడగడం లేదు."

నా వైపు చూసింది. ఏదో అంటుందనుకున్నాను. అంటే బాగుండుననుకున్నాను కూడా.

"సరే. లోపలి గదిలో పుస్తకం తీసి కూర్చో. తేదీ పంపిస్తాను" అని వెళ్లిపోయింది.

లోపలి గది తలుపు వేసి కూర్చున్నాను. ముందుగదిలో మాటలు వినిపిస్తున్నాయి గానీ ఏమంటున్నారో తెలియడం లేదు. తండ్రి గొంతు పెరిగింది. నాయనమ్మ కూడా లోపలికి వచ్చినట్టుంది, ఆమె గొంతు ఇంకా పెరిగింది. తర్వాత అక్క గొంతు, ఎప్పటిలాగే. ఆ తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. పావుగంటకు అక్క వచ్చి తండ్రి ఫోన్ నా ముందు పెట్టింది. ఇంట్లో ఉన్న పెద్ద కోడలు బీరువా తీసి, పిల్ల టీకాల కార్డును ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది. కార్డు మడతల దగ్గర చిరిగి ఉంది. తేదీ మాత్రం స్పష్టంగా ఉంది.

తీసివేత మళ్లీ వేశాను. ఏడేళ్ల రెండు నెలల నాలుగు రోజులు. అక్క సరిచూసింది, రెండుసార్లు. పిల్ల చెప్పిన జవాబులు అవే, కూడిక అదే. పేజీ ఒక్కటే మారింది. ఏడేళ్ల వాళ్ల పేజీలో పిల్ల నడుమ ఉంది. ఘనాల ఆటలో నడుమకంటే కాస్త పైన. చదవడం, లెక్కలు సరిగ్గా రెండో తరగతి పిల్లకు ఎంత రావాలో అంత.

"రెండో తరగతి పిల్ల. తీసుకెళ్లి మూడో తరగతిలో కూర్చోబెట్టారు" అంది అక్క. కనుబొమలు పైకి లేచాయి. ఆ ముఖం నేను ఇంట్లో చూసే ముఖం.

ఈసారి నన్ను కూడా గదిలో ఉండమంది. పాత కవరు బల్ల సొరుగులో పెట్టేసి, వాళ్లకు నోటితో చెప్పింది. పిల్లకు ఏమీ తక్కువ లేదని, తన ఈడు పిల్లలతో కూర్చోబెడితే చాలని, ఇంతకాలం తనకంటే ఏడాదికి పైగా పెద్ద పిల్లలతో సమానంగా పరిగెత్తమన్నామని.

తండ్రి కర్చీఫ్‌తో మెడ తుడుచుకున్నాడు. "మంచిదే మేడం. గాని ఇప్పుడు కిందికి దింపితే, ఫలానాయన బిడ్డ ఫెయిలైంది అంటరు ఊర్ల."

"ఫెయిల్ కాలేదు కదా. మీరు తొందరపడి ఎక్కించారు, ఇప్పుడు దింపుతున్నారు. దింపడం కష్టం మీకు. ఎక్కి ఉండటం కష్టం దానికి."

నాయనమ్మకు వేరే దిగులు. "మరి తోడు?"

"బస్సు ఒకటే కదమ్మా. బస్సులో తోడే, అన్నం దగ్గర తోడే. క్లాసులో మాత్రం వేరు."

అక్క పిల్లను పిలిచింది. రెండో తరగతిలో కూర్చోవడం ఇష్టమేనా అని అడిగింది. పిల్ల ఆలోచించి, "గక్కడ లెక్కలు అల్కగుంటయా?" అంది.

"నీకు వచ్చినవి ఉంటాయి. రానివి కొన్ని ఉంటాయి."

"ఇప్పుడన్నీ రానివే ఉన్నయి" అంది పిల్ల. ఎవరి వైపూ చూడకుండా, సంగతి చెప్పినట్టు చెప్పింది.

తండ్రి లేచి బయటికి వెళ్లాడు. ఫోన్ మోగలేదు. ఊరికే గేటు దగ్గర నిలబడ్డాడు. వెళ్లేటప్పుడు అవునని చెప్పలేదు, కాదని చెప్పలేదు. కొత్త రిపోర్టు మర్నాడు మనిషిని పంపించి తెప్పించుకున్నాడు.

అక్క ఎవరికీ తనంతట తాను ఫోన్ చేసేది కాదు. ఆ మూడు వారాలు మాత్రం ఫోన్ మోగితే నాకంటే ముందు లేచేది. చివరికి అతనే చేశాడు. తేదీ మార్పించడానికి తిరగాల్సిన చోట్లన్నీ తిరిగాడట, తప్పు తమదేనని స్కూల్లో రాసిచ్చాడట. "ఇగ మా బిడ్డ రెండో తరగతి మేడం" అన్నాడు. అక్క ఫోన్ పెట్టేసి, చాలా రోజుల తర్వాత నాతో సినిమాకు వస్తానంది. వెళ్లాక సగంసేపు నిద్రపోయింది.

ఆ ప్రశ్న సంగతి తను మళ్లీ ఎత్తలేదు. నేనే తర్వాతి ఆదివారం నుంచి అడగడం మొదలుపెట్టాను. నొచ్చుకునేవాళ్లు నొచ్చుకున్నారు. కానీ నాలో ఒకటి ఉండిపోయింది. నాయనమ్మ వరండాలో కూర్చోకపోయి ఉంటే, ఆమెకు లోపల చలి అనిపించకపోయి ఉంటే, ఆ పిల్ల వేరే బడికి వెళ్లిపోయేది. తెలివి తక్కువ అన్న మాట తన పేరు మీద జీవితమంతా ఉండేది. దీని గురించి అక్కతో మాట్లాడి ఉండాల్సింది. రెండేళ్లు సమయం ఉంది. మాట్లాడలేదు.

అక్క పోయిన రెండు వారాలకు ఆ పిల్ల తల్లి వచ్చింది, పిల్లను వెంటబెట్టుకుని. ఎవరో చెబితే తెలిసిందట. అప్పుడు కుర్చీ చివరన కూర్చున్న మనిషి, ఈసారి నేరుగా వంటింట్లోకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. పిల్ల నాలుగో తరగతికి వచ్చింది. ఎలా చదువుతోందని అడిగాను.

"నడుమల ఉన్నది" అంది తల్లి, సంతోషంగా.

తర్వాత చెప్పింది. ఆ రోజు ముందుగదిలో ఏం జరిగిందో అప్పుడు విన్నాను. టీకాల కార్డు బీరువాలో ఉందని ఆమె చెప్పగానే భర్త, అత్త ఇద్దరూ ఆమె మీదికి వెళ్లారట. ఇన్నేళ్లు కార్డు దాచుకుని కూర్చున్నావా, బిడ్డను పిచ్చిదాన్ని చేస్తావా అని.

"గప్పుడు మేడం జెప్పింది. ఆమెనేం అనకుండ్రి, తప్పు నాది అన్నది. అసలు తేదీ ఏందని అడుగుడు నా పని, నేను అడగలే, అడిగితే ఆమె చెప్తుండె అన్నది. నాకు చేతులు జోడిచ్చి మాఫ్ చెయ్యమన్నది. గంత పెద్దామె. ఇగ మా అత్త నోరు మూసుకున్నది."

పొయ్యి మీద పాలు పొంగబోతుంటే మంట తగ్గించాను. ఆమెకు వెన్ను చూపించి నిలబడటం తేలికగా ఉంది.

"అడగాల్సింది అక్క కాదమ్మా. ఆ కాగితం నింపింది నేను. అడగనిది నేను."

"మీ అక్కకు ఎరుకేనా?" అంది.

"ఎరుకే."

"ఎరుకుండి గూడ అట్ల జెప్పిందా?"

"అవును."

"మరి ఇంకేంది అక్కా" అంది. లేచి వచ్చి, గిన్నె దించి, నా చేతిలోంచి పట్టకారు తీసుకుని పక్కన పెట్టింది. "చాయ్ నేను పెడ్త. మీరు కూసోండి."

కూర్చున్నాను.